అరిగిన నాణెములు - ఆమ్లపు చుక్క

"బఫెలో నికెలు" అను ఐదు సెంట్ల నాణెమును అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1913 మొదలు 1938 వరకు ముద్రించిరి. జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ అను శిల్పి దానిపై ఒకవైపున ఆదివాసి శిరస్సును, రెండవవైపున బైసను అను అడవిదున్నను తీర్చెను. పేరు నికెలే గాని, అందులో నూటికి 75 పాళ్లు రాగి. శిల్పముగా అది చక్కనిది. నాణెముగా మాత్రము దానికొక లోపమున్నది. సంవత్సరపు అంకెలను ఆదివాసి భుజముపై, మెరక భాగమున ఉంచిరి. చేతులు మారుచు ఒరసికొను నాణెమున మొదట అరుగునది మెరకయే. కావున బొమ్మ ఇంకను తెలియుచుండగనే సంవత్సరము మాయమగును.

టంకశాల ఈ సంగతి ఎరుగకపోలేదు. దున్న నిలిచిన దిబ్బ మీది అక్షరములు అరుగునని 1913లోనే దిబ్బను చెక్కి, వానిని పల్లమునకు దింపిరి. 1916లో వచ్చిన పావు డాలరునకును సంవత్సరము అరిగెడి జబ్బే ఉండగా, 1925లో కుదిర్చిరి. నికెలునకు మాత్రము కడవరకు ఆ వైద్యము జరుగలేదు.

సంవత్సరము లేని ఇట్టి నాణెములను కొని, వానిపై ఫెర్రిక్ క్లోరైడు ద్రావణపు చుక్క వేయుట అచ్చటి సేకర్తలలో కొందరికి వేడుక. (దీనిని ఆమ్లమనుట వాడుక, నిజమునకది లవణము, ద్రావణమునకు ఆమ్లగుణము కలదు.) 1926లో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించినది పది లక్షల లోపే, 1918లో డెన్వరులో కొన్నిటిపై 7 అంకె మీద 8 పడినది. అట్టిదొకటి బయటపడునేమో అని ఆశ.

చుక్క వేయగనే అంకెలు లీలగా తేలుట మాయ కాదు. అచ్చుదెబ్బ తగిలినప్పుడు అంకెల క్రింది లోహపు స్ఫటికములు నలిగి, ఆ నలుగుడు పైపొర దాటి లోపలికి పోవును. అంకె అరిగిపోయినను నలిగిన లోహము మిగిలియుండును. అది చుట్టుపట్ల లోహముతో సమానమైన వేగమున కరగదు. ఆ తేడాయే అంకెగా కనబడును. తుపాకులపై ఆకురాయితో చెరిపిన సంఖ్యలను నేరపరిశోధన శాలలలో చదువునదియు ఈ సూత్రముననే.

శాస్త్రము సరియైనదే, వినియోగమే చెడ్డది. కరగిన పొర మరల రాదు. నాణెముపై గరుకు మచ్చ నిలుచును. అంకెలు మరల మాయమైన మరొక చుక్క, మరికొంత నష్టము. నిజముగా అరుదైనదే దొరికినను, చెడిన నాణెము క్రిందనే లెక్క గనుక విలువలో కొద్దిపాటియే చేతికి వచ్చును. ఇంతకును కొన్నిట ఈ పని అనవసరము. అక్షరములు దిబ్బపై నున్న నాణెము 1913 నాటిదే, మరి యే సంవత్సరమును కాదు. 1937లో డెన్వరున అచ్చును అతిగా సానపట్టుటచే ముందరి కాలొకటి లోపించిన "మూడుకాళ్ల దున్న"ను గుర్తించుటకు దున్న వైపు చూచిన చాలును. భూతద్దము పట్టవలసిన చోట సీసా మూత తీయుట తొందరపాటు.

మన యిండ్లలో ఆ సీసాకు బదులు చింతపండున్నది. చెంబును తోమినట్లు పాత కాణీని తోముదురు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము చిలుమును కరగించి, ఎర్రని రాగిని బయటపెట్టును. ఏండ్ల తరబడి ఏర్పడిన కాపుదల పొర దానితోనే పోవును. శాతవాహనుల సీసపు నాణెముల సంగతి ఇంకను సున్నితము. సీసమును బలహీనమైన సేంద్రియామ్లములు సైతము తినివేయును. భూమిలో చిరకాలము పడియున్న నాణెమునకు పట్టిన తెల్లని పెచ్చులోనే ఒక్కొక్కసారి అసలు అక్షరముల ఆనవాలు నిలిచియుండును. కోటిలింగాలలో దొరికిన నాణెములపై బ్రాహ్మీలిపిలో "ఛిముక" అను పేరు చదువగలుగుట చేతనే, పురాణములు పేర్కొన్న తొలి శాతవాహనరాజునకు నాణెపు సాక్ష్యము కుదిరినది. దొరికినవారు వానిని మెరుగుపెట్టి ఉన్నచో చదువుటకు ఏమి మిగిలెడిది?

ఆమ్లముతో అంకెను రప్పించు వింతను పిల్లలకు చూపగోరు ఉపాధ్యాయునికి నాణెము అక్కరలేదు. ఇత్తడి బిళ్లపై ఉక్కు అచ్చుతో ఒక అక్షరము లోతుగా కొట్టి, అది కనబడనంతవరకు ఆకురాయితో అరగదీసి, గరుకుకాగితముతో నునుపుచేసి, చేతితొడుగులు వేసికొని దూదితో ద్రావణము అద్దిన చాలును. చెరిపిన అక్షరము కొలది నిమిషములలో లీలగా తిరిగి కనబడవచ్చును.