వజ్రమూ కోటూ: జాబ్ వర్క్ ఒప్పందానికి ఒక పాత నమూనా

కోటు కుట్టించుకున్న పెద్దమనిషి ఒకాయన 1872 నుంచీ దర్జీకి డబ్బు బాకీ ఉన్నాడు. ఆయన పేరు ‘ఎ’, దర్జీ పేరు ‘బి’. భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద రెండో ఉదాహరణలో ఉంటారు ఇద్దరూ. కుట్టడం కాగానే కోటు ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలలకు ఇద్దురుగాని అని దర్జీ ముందే ఒప్పుకున్నాడు. అంచేత డబ్బు ముట్టేదాకా కోటు ఇవ్వనని పట్టుకు కూర్చునే హక్కు అతనికి లేదు. మొదటి ఉదాహరణలో వజ్రం ఉంది. సానపట్టమని నగల పనివాడికి ఇచ్చారు, అతను పట్టాడు. అరువు మాట ఎక్కడా లేదు కనుక కూలి చేతిలో పడేదాకా వజ్రం అతని దగ్గరే ఉంచుకోవచ్చు.

ఈ రెంటినీ ఒకదాని కింద ఒకటి పెట్టిన పనితనం నాకు ఎంతో ఇష్టం. చిత్తు రాసింది లండన్‌లో రోమిల్లీ అధ్యక్షతన కూర్చున్న లా కమిషన్. ఇక్కడ దాన్ని సవరించి చట్టం చేయించింది ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. సెక్షన్ కింద చిన్న కథలాంటి ఉదాహరణ పెట్టే పద్ధతి అంతకుముందే మెకాలే శిక్షాస్మృతి చిత్తులో ఉంది. నీతి చెప్పరు, హెచ్చరించరు. ఒక్క షరతు మార్చి, హక్కు ఎటు పోయిందో చూపించి ఊరుకుంటారు.

సొంతంగా పని పట్టుకుని చేసుకునేవాళ్లు ఒప్పందం నమూనా కావాలంటే ఇప్పుడు గూగుల్‌లో వెతుకుతారు. పన్నెండు పేజీలది దొరుకుతుంది. చివర ‘డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తించును’ అని ఉంటుంది. దాన్ని కొట్టేయకుండానే సంతకం పెట్టే మహానుభావులున్నారు. పని అయ్యాక కూడా ఏడాదిపాటు పోటీ కంపెనీకి పని చేయకూడదన్న షరతు ఒకటి ఉంటుంది. అలాంటి షరతు మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఎక్కువ పేజీలు ఉండటం ఒప్పందానికి గొప్ప కాదు. చట్టం ఇప్పటికే చెప్పినదాన్ని వదిలేసి, చెప్పనిచోట మాత్రమే నోరు విప్పేది మంచి నమూనా.

ఆ ఖాళీలు ఎక్కడున్నాయో చూడాలంటే షోలాపూర్ హోట్గి రోడ్ వైపు రావాలి. తరాల కిందట తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు మగ్గాల మీద బతికిన ఊరు ఇది. ఇక్కడి చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. జాబ్ వర్క్ చేసే నేతదారుకు మగ్గాలు సొంతం, నూలు సేటుది. నేసినదానికి కూలి వస్తుంది. సిరిసిల్లలో ఇలాంటివాళ్లను ఆసామి అంటారు. ఆసామి కూలివాడూ కాదు, వ్యాపారీ కాదు. ఇంగ్లీషు నమూనాల్లో ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్’ అని రాసేది అచ్చంగా ఇతని గురించే.

ఇతని చేతిలో ఉండే కాగితం చలానా. జీఎస్టీ 55వ నియమం ప్రకారం దాంట్లో నంబరు, తేదీ, పంపినవారి పేరు, అందుకున్నవారి పేరు, సరుకు వివరం, పరిమాణం, విలువ, సంతకం ఉండాలి. మూడు ప్రతులు: ఒకటి అందుకున్నవారికి, ఒకటి రవాణా చేసేవారికి, ఒకటి పంపినవారికి. వెళ్లిన నూలు ఏడాదిలోపు గుడ్డగా తిరిగి రావాలి. లేకపోతే సరఫరా చేసినట్టే లెక్క, పన్ను పడుతుంది. పొందికైన కాగితమే, ఎన్ని కిలోల నూలు వెళ్లిందో ఖచ్చితంగా చెబుతుంది. కూలి ఎంతో, ఎప్పుడు ఇస్తారో మాత్రం ఒక్క గడిలోనూ అడగదు. అది పన్ను కోసం పుట్టింది మరి.

నూలు సంగతి కాంట్రాక్టు చట్టం బాగానే చూసుకుంది. సొంత సరుకును మామూలు తెలివిగల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చాలంటుంది 151వ సెక్షన్. అంత జాగ్రత్తా తీసుకున్నాక నష్టం వస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు నేతదారు బాధ్యుడు కాడంటుంది 152. ఒక సేటు నూలు ఇంకొకరి నూలుతో కలిసిపోతే? 156 కింద ఉన్న ఉదాహరణ పత్తి బేళ్లదే: గుర్తు వేసిన 100 బేళ్లను వేరే గుర్తున్నవాటితో కలిపేస్తే, విడదీసే ఖర్చు కలిపినవాడిదే. విడదీయడం కుదరని సరుకుకు 157 కింద పిండి పీపా ఉంది. 45 రూపాయల కేప్ పిండిలో 25 రూపాయల నాటు పిండి కలిపినవాడు నష్టం కట్టుకోవాలి. ఇన్ని ఉండగా నూలు భద్రత మీద రెండు పేజీలు రాయించడం వకీలు ఫీజుకే పనికొస్తుంది. వేస్టేజీ ఎంతవరకు ఒప్పుకుంటారన్న అంకె ఒక్కటి రాసుకుంటే చాలు.

డబ్బు దగ్గరే అసలు చిక్కు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల గడువు పెట్టింది. ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ రాసుకున్నా చెల్లదు. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలా కలుపుతూ. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చాక గడువు దాటిన బాకీని, కట్టేదాకా ఖర్చు కింద చూపడానికి లేదు. సేట్లు ఈ మాట చెవిన పెట్టింది అప్పుడే అనుకుంటాను. నాకు ఇంకా నచ్చింది ఎంఎస్ఎంఈడీ చట్టం నిర్వచనాల్లో దాగిన 15 రోజులు. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు. మూడు నెలలయ్యాక “అంచు వంకర పోయిందయ్యా” అనే మాటకు ఇది జవాబు.

అయితే ఆ 45 రోజులు ఒప్పందంలో రాసుకున్న మరుక్షణం మన నేతదారు దర్జీ అయిపోతాడు. గడువు ఇచ్చాడు కనుక గుడ్డను ఆపే హక్కు పోయింది. గడువు ఇవ్వకపోయినా, 170 ప్రకారం ఆ లాటు కూలికే ఆపగలడు. పాత లాట్ల బాకీకి కొత్త సరుకు పట్టుకునే హక్కు 171వ సెక్షన్ బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు లాంటి కొద్దిమందికే ఇచ్చింది. మిగతావాళ్లకు స్పష్టమైన ఒప్పందం ఉంటేనే అంది. నమూనా నోరు విప్పాల్సిన చోటు ఇదే.

‘కాంట్రాక్టర్’ అని కాగితం మీద రాసే పేరుకు ఒక హద్దుంది. షోలాపూర్‌లో ఇళ్లలో బీడీలు చుట్టే తెలుగు ఆడవాళ్లను కూడా కాంట్రాక్టు మనుషులని తేల్చేయాలని చూసేవారు. 1966 బీడీ కార్మికుల చట్టం ఆకూ పొగాకూ ఇచ్చి ఇంటి దగ్గర చుట్టించుకున్నా ఆమె ఉద్యోగేనని రాసింది. యజమాని అనుమతితోనో ఒప్పందంతోనో పనిచేసేవారిని కూడా అందులో చేర్చింది. తలుపుతోబాటు కిటికీ కూడా మూసిన రాత అది. మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు 1974లో ఆ చట్టాన్ని నిలబెట్టింది.

ఇక ఆసామికి కావలసిన నమూనా అర పేజీకి మించదు. కూలి రేటు, వేస్టేజీ అంకె, గడువు, ఆపైన ఈ వాక్యం: ‘ముందటి లాట్ల కూలి గడువు దాటి బాకీ ఉన్నంతవరకు, తరువాతి లాటు గుడ్డను నేతదారు తన వద్ద ఉంచుకోవచ్చును, ఇందుకు ఇరువురము సమ్మతించితిమి.’ ఇద్దరూ ఒకే విషయానికి ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్. అందుకని సేటు మరాఠీ చదివేవాడైతే కిందనే మరాఠీలోనూ రాయాలి. చలానా పుస్తకం అచ్చు వేయించేటప్పుడు దీన్ని వెనకవైపు చిన్నక్షరాల్లో వేయించకూడదు. ముందువైపున, సేటు సంతకం పెట్టే గీతకు సరిగ్గా పైన వేయించాలి.