కొలత అట్టతో కుట్టే షడ్భుజాల క్విల్టు: ఒక విమర్శనాత్మక పరిశీలన

షడ్భుజాల క్విల్టుపై తరచుగా వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఆకారాన్ని అట్టే నిర్ణయిస్తున్నప్పుడు కుట్టేవారికి ఓపిక తప్ప కల్పనాశక్తి అవసరమేముంది అన్నదే ఆ అభ్యంతరం. ఇది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలిద్దాం.

ముందుగా పని పద్ధతిని తెలుసుకోవాలి. పాత చీరలను పొరలుగా పరిచి కుట్టే మన బొంతకూ దీనికీ తేడా ఉంది. ఇంగ్లండులో స్థిరపడిన ఈ పద్ధతిలో కొలత అట్ట సాయంతో కాగితం షడ్భుజాలను కత్తిరిస్తారు. గుడ్డను అన్ని వైపులా పావు అంగుళం ఎక్కువగా కత్తిరించి, ఆ అంచులను కాగితం మీదికి మడిచి కచ్చా కుట్టు వేస్తారు. రెండు ముక్కల మంచి వైపులను ఎదురెదురుగా ఉంచి, అంచు వెంట సన్నగా కుట్టి కలుపుతారు. చుట్టూ ముక్కలు జతపడిన తరువాత కచ్చా దారాన్ని, కాగితాన్ని తీసివేస్తారు. ఇదే విధంగా కాగితాలపై వేర్వేరు ఆకారాల ముక్కలతో 1718లో కుట్టిన పట్టు దుప్పటి ఒకటి ఇంగ్లండులో నేటికీ భద్రంగా ఉంది.

అట్ట ఎందుకు అవసరం? క్రమ షడ్భుజంలో ప్రతి కోణం 120 డిగ్రీలు. మూడు ముక్కలు ఒక బిందువు వద్ద కలిస్తే 360 డిగ్రీలు పూర్తవుతాయి. మధ్యలో ఒకటి, చుట్టూ 6, ఆపై వరుసలో 12, మొత్తం 19 ముక్కలతో ఒక పువ్వు తయారవుతుంది. ప్రతి ముక్కలో కొద్దిపాటి తేడా వచ్చినా, ఆ తేడాలన్నీ కూడి వరుస సరిగా మూసుకోదు.

అయితే అట్ట నిర్ణయించేది ఆకారాన్నే. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, ముదురు ముక్క ఎక్కడ పడాలి, గుడ్డ మీది పువ్వు ముక్క మధ్యకు రావాలా అనేవి కుట్టేవారి నిర్ణయాలు. అవే షడ్భుజాలు అమరికను బట్టి పువ్వులవుతాయి, నక్షత్రాలవుతాయి. గణాలు, యతిప్రాసలు సరిపోయినంత మాత్రాన కందం కవిత్వం కాదు. అవి ఉన్నాయని దానిని యాంత్రికమనీ అనలేము. ఇక్కడా అంతే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సింగపూర్‌లోని చాంగీ జైలులో నిర్బంధంలో ఉన్న గర్ల్ గైడ్ బాలికలు తమ నాయకురాలు ఎలిజబెత్ ఎన్నిస్‌కు పుట్టినరోజు కానుకగా షడ్భుజాల క్విల్టు కుట్టారు. దొరికిన పాత గుడ్డ ముక్కలే వారి సామగ్రి. అది ఇప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. చెరలో కుట్టారు కనుక గొప్పది అనడం జాలి మాత్రమే, విమర్శ కాదు. విమర్శకులు గమనించవలసింది వేరు. నేర్పు సమానంగా లేని అనేక చేతుల పనిని ఒకే వస్త్రంగా కలపడానికి ఉమ్మడి కొలత వీలు కల్పించింది. కొలత ఒకటైనా ఎవరి కుట్టు వారిదే.

దీని అర్థం షడ్భుజాల క్విల్టు ప్రతిదీ కళాఖండమని కాదు. 1930ల అమెరికాలో ఇటువంటి పూల నమూనాకు ముందే కత్తిరించిన గుడ్డ ముక్కల కిట్లు అమ్మారు. రంగుల ఎంపిక కూడా అమ్మకందారుదే అయినప్పుడు మొదటి అభ్యంతరానికి బలం వస్తుంది. కాబట్టి అట్ట వాడారా లేదా అన్నది కాదు, అట్ట వాడిన తరువాత కుట్టేవారికి ఎన్ని నిర్ణయాలు మిగిలాయి, వాటిని వారు ఎలా తీసుకున్నారు అన్నదే మన ప్రమాణం. స్త్రీల చేతిపనిని ‘ఓపిక’ అనే ఒక్క మాటతో సరిపెట్టే అలవాటును ఈ ప్రమాణం ప్రశ్నిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని ఒక అల్లికను లేదా కుట్టుపనిని తీసుకొని, అందులో నమూనా నిర్ణయించినవేవో, చేసినవారు నిర్ణయించినవేవో పది పంక్తులలో రాయండి.