ఆ చిల్లుల బిళ్ళలోనే ఉంది కథంతా

వరంగల్–ఖమ్మం రోడ్డు మీదున్న మా మరిపెడలో తెల్లారితే చాయ్. కాఫీ అడిగితే వేడి పాలలో ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇస్తారు. అందుకే వియత్నాం వెళ్లినప్పుడు హనోయ్‌లో కాఫీ గ్లాసు నెత్తిన చిన్న అల్యూమినియం గిన్నె పెట్టి తెచ్చి ముందుంచితే రుచి సంగతి మరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాను. వస్తూ ఒకటి కొనుక్కొచ్చాను.

దాన్ని ఫిన్ అంటారు. గ్లాసు అంచు మీద ఆనే పళ్లెం, అడుగున సన్నని చిల్లులున్న గిన్నె, పొడి మీద వేసే చిల్లుల బిళ్ళ, మూత. అంతే సరంజామా. కాగితం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పనితనమంతా ఆ బిళ్ళలో ఉంది. వేడినీళ్లు తగలగానే పొడి ఉబ్బుతుంది. వదులుగా ఉన్న బిళ్ళ దానితోపాటు కాస్త లేస్తుంది, అయినా తన బరువుతో అదిమే ఉంచుతుంది. పైనుంచి పోసిన నీళ్లు ఒకేచోట గుంట చేయకుండా పొడంతటా పరుచుకునేలా చూస్తుంది. మర తిప్పి బిగించే రకాలూ దొరుకుతాయి కానీ నాకు నచ్చవు. ఉబ్బే పొడికి వాటిలో చోటుండదు. మూతకు రెండో పని కూడా ఉంది. కాఫీ దిగాక వెల్లకిలా పెట్టి గిన్నెను అందులో ఉంచితే చుక్కలు బల్ల మీద పడవు.

పొడి ఇరవై గ్రాములు. మన ఫిల్టర్ కాఫీకి ఆడించే మెత్తదనం దీనికి పనికిరాదు, చిల్లులు పూడిపోతాయి; సన్నరవ్వలా ఉండాలి. ముందు పొడి తడిచేంత నీళ్లు పోసి అర నిమిషం ఆగి, తర్వాత గిన్నె నింపాలి. నాలుగైదు నిమిషాల్లో చుక్కచుక్కగా దిగాలి. ధార కట్టిందంటే పొడి ముతక.

గ్లాసు అడుగున ముందే రెండు చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఉంచుతారు. 1857లో ఫ్రెంచి మిషనరీలతో కాఫీ మొక్క వియత్నాం చేరింది. తాజా పాలు అక్కడ అరుదు కాబట్టి డబ్బా పాలు అలవాటయ్యాయి. పాల కరువులోనే 1946లో హనోయ్‌లో గియాంగ్ అనే ఆయన గుడ్డు పచ్చసొన గిలకొట్టి కాఫీ మీద పోశాడు. అదిప్పుడు ఆ ఊరి ప్రత్యేకత. వియత్నాంలో పండేది ఎక్కువగా రోబస్టా రకం. అరబికాకు దాదాపు రెట్టింపు కెఫీన్, గట్టి చేదు. అంత తీపిని తట్టుకునేది ఆ చేదే.

మరి మన అరకు కాఫీ ఇందులో వేస్తే? వేసి చూశాను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అరబికా సువాసన తీపి పాలలో మునిగిపోయింది. దాన్ని ఫిన్‌లోనే దించుకోండి, పాలు మాత్రం వద్దు. పాలతో తాగాలంటే అదే ఏడాది గుర్తింపు వచ్చిన వయనాడ్ రోబస్టాను బాగా నల్లగా వేయించింది తెప్పించుకోండి. ఇక ఫిన్ కొనేటప్పుడు మెరుపు చూడకండి. బిళ్ళను గిన్నెలో వేసి, అంచులకు తట్టకుండా పైకీ కిందికీ జారుతోందో లేదో చూసి కొనండి.