మూషికమైత్రి: ‘మిత్రలాభం’లో హిరణ్యకుడు – గోదావరి, కొల్లేటి సీమల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లోని మిత్రలాభం తెలుగు పాఠకులకు అత్యంత పరిచితమైన వచనం. అందులో స్నేహధర్మానికి ఆదర్శంగా నిలిచిన పాత్ర హిరణ్యకుడనే ఎలుక. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల వరిసీమలో ఎలుక ప్రథమశత్రువు. ఈ వైరుధ్యాన్ని ఆధారం చేసుకొని హిరణ్యకుని పాత్రను పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హితోపదేశంలోని మరొక ఎలుక కథతోను, ఎలుకల ప్రవర్తనపై జరిగిన ఆధునిక పరిశోధనలతోను ఈ పాత్రను పోల్చి, ‘పెంపకం’, ‘మైత్రి’ అనే రెండు భావాల మధ్య గల భేదాన్ని నిరూపించే ప్రయత్నం ఇందులో జరిగింది.

కీలకపదాలు: నీతిచంద్రిక, మిత్రలాభం, హిరణ్యకుడు, పెంపుడు ఎలుక, డెల్టా, కొల్లేరు, యానాదులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు సామెతల్లో ఎలుకకు గౌరవస్థానం లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం వ్యర్థప్రయాసకు గుర్తు. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అవివేకానికి గుర్తు. ఎన్నిసార్లు ఉతికినా మారని స్వభావానికి దృష్టాంతం కావలసివచ్చినప్పుడు వేమన ఎంచుకొన్నది ఎలుక తోలునే. వినాయకుని వాహనమైనందుకు ఏడాదికొకసారి పూజామండపంలో చోటు దొరికినా, మిగిలిన రోజుల్లో ఆ ప్రాణికి దక్కేది బోనూ, మందూ మాత్రమే. ప్రపంచ జంతుశాస్త్రానికి తెలుగు ఇచ్చిన మాటల్లో ‘పందికొక్కు’ ఒకటి. ఇంగ్లీషులోని ‘బండికూట్’, శాస్త్రనామంలోని ‘బండికోటా’ ఆ మాటనుంచే పుట్టాయి. అంటే ఈ జాతి ప్రాణులతో తెలుగు రైతుకు గల పరిచయం చాలా సన్నిహితమైనది. అయితే అది శత్రువుతో ఉండే సాన్నిహిత్యం.

ఇటువంటి భాషలో, వచనరచనకు ఒరవడి దిద్దిన గ్రంథం ఒక ఎలుకను ఉత్తమ మిత్రుడిగా నిలిపింది. నీతిచంద్రికపై వచ్చిన విమర్శలో అధికభాగం దాని గ్రాంథికశైలిని, వ్యాకరణబద్ధతను, నీతిబోధను పట్టించుకొన్నది. హిరణ్యకుడు ఎలుక కావడం అనే విషయం మాత్రం కేవలం కథావేషంగా మిగిలిపోయింది. ఆ వేషాన్నే విషయంగా తీసుకోవలసిన అవసరం ఉంది.

2. గోదావరి ఒడ్డున వల, గండకీ తీరాన కన్నం

పంచతంత్రంలో ఈ కథ దక్షిణాపథంలోని ఒక నగరసమీపంలో, మర్రిచెట్టు దగ్గర మొదలవుతుంది. నారాయణపండితుని హితోపదేశం దానిని గోదావరీతీరంలోని బూరుగుచెట్టు దగ్గరకు మార్చింది. చిన్నయసూరి ఆ గోదావరినే నిలుపుకొన్నాడు. నూకలు చల్లి వేటగాడు పన్నిన వలలో పావురాలు చిక్కుకొంటాయి. వలతో సహా ఎగిరిపోయిన కపోతరాజు చిత్రగ్రీవుడు తన మిత్రుడైన మూషికరాజును ఆశ్రయిస్తాడు. ఆ మిత్రుని నివాసం హితోపదేశం ప్రకారం గండకీతీరంలోని చిత్రవనం. ప్రమాదం గోదావరి ఒడ్డున ఎదురైంది. దానిని తప్పించిన ఎలుక ఎక్కడో ఉత్తరాన ఉంది. వరిపండే నదీతీరంలో ఎలుకను మిత్రుడిగా ఊహించడం కథకునికీ కష్టమైందేమో అనిపించే దూరమిది.

నీతిచంద్రిక అచ్చైన 1853 నాటికి గోదావరి డెల్టా రూపురేఖలు మారుతున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట అంతకు ముందు ఏడాది, 1852లో పూర్తయింది. కాలువలు సాగి, వరి విస్తరించి, కాలక్రమంలో సార్వా, దాళ్వా అనే రెండు పంటలు స్థిరపడ్డాయి. ఏడాదిలో అధికకాలం పొలంలో వెన్ను ఉండటమంటే ఎలుకకు అధికకాలం ఆహారం ఉండటమే. కృష్ణా, గోదావరి కాలువలు కలిసే ఏలూరులోను, బియ్యం మిల్లులకు ప్రసిద్ధమైన తాడేపల్లిగూడెంలోను, రెండు డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి గ్రామాల్లోను ఎలుక ప్రసంగం సాహిత్యప్రసంగం కాదు. గట్టుకు కన్నం పడితే నీరు పోతుంది. వరద వస్తే పొలాల్లోని ఎలుకలన్నీ గట్లమీదికి చేరతాయి. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరులోని వ్యవసాయ పరిశోధనస్థానంలో ఎలుకల నివారణ ప్రత్యేక పరిశోధనాంశం. తొంభైఆరు పాళ్ల నూకలకు రెండు పాళ్ల నూనె, రెండు పాళ్ల బ్రోమోడయోలోన్ మందు కలిపిన ఎర ఇక్కడి రైతులకు కంఠస్థం. బూరుగుచెట్టు కింద వేటగాడు చల్లినవీ నూకలే.

ఈ సీమలోని తరగతిగదిలో హిరణ్యకుని కథ చదివే విద్యార్థి, ఇంటివద్ద ఎలుకమందు కలిపిన తండ్రిని చూసి వచ్చినవాడు కావచ్చు. ఆ విద్యార్థికి ఈ పాఠం చెప్పవలసినది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

3. పలుకు గుర్తించిన ప్రాణి

కథలో పావురాల గుంపు దిగిన చప్పుడుకు హిరణ్యకుడు బెదరి, కన్నంలోనే మౌనంగా ఉండిపోతాడు. అపాయశంకతో నూరు ద్వారాల కన్నం నిర్మించుకొన్న జాగరూకుడతడు. చిత్రగ్రీవుడు పేరుపెట్టి పిలిచిన తరువాత ఆ కంఠస్వరం గుర్తించి, సంభ్రమంతో వెలికి వస్తాడు. భయం సహజం, దానిని జయించింది పరిచితమైన గొంతు.

ఎలుకలను పెంచేవారికి ఈ ఘట్టం కల్పనగా తోచదు. పెంపుడు ఎలుక మొదటి రోజుల్లో మూలకు ఒదిగి, చేతిని చూసి బెదురుతుంది. రోజూ అదే చేయి, అదే గొంతు, అదే వేళ అలవాటైన మీదట తానే ఎదురువచ్చి, భుజంమీదికి ఎక్కి, చొక్కా మడతల్లో నిద్రపోతుంది. యజమాని వేళ్లను నాకి శుభ్రపరుస్తుంది. తోటి ఎలుకకు చేసే పరిచర్యనే మనిషికీ చేస్తుంది. ఒంటరిగా ఉంచితే కుంగిపోయే సంఘజీవి కనుక కనీసం జంటగా పెంచాలన్నది పెంపకందార్ల మొదటి నియమం. దాని ఆయుర్దాయం రెండు మూడేళ్లే. ఆ స్నేహంలోని ఆనందం వెనువెంటనే వియోగాన్నీ వెంటబెట్టుకొని వస్తుంది.

హిరణ్యకుని రెండవ చర్య మరింత ముఖ్యమైనది. ముందుగా తన అనుచరుల బంధాలు తెంచమని చిత్రగ్రీవుడు కోరతాడు. తన దంతాలు కోమలమైనవని, అవి విరగకముందే రాజు బంధం తెంచి, ఆపైన శక్తికొద్దీ తక్కినవారిని విడిపిస్తానని ఎలుక అంటుంది. రాజు పట్టుదల విడవడు. ఆశ్రితవాత్సల్యానికి సంతోషించి హిరణ్యకుడు అందరి బంధాలూ కొరుకుతాడు. ఇక్కడ నీతి ఉపదేశంగా కాక, పంటి శక్తికి గల పరిమితిగా వ్యక్తమైంది. రైతుకు నష్టం కలిగించే పళ్లే ఇక్కడ విడుదలకు సాధనాలు. ఎలుక తన స్వభావాన్ని వదలి మంచిది కాలేదు. తన స్వభావంతోనే మంచి చేసింది.

4. తవ్విన కన్నం

మిత్రలాభంలో హిరణ్యకుడు చెప్పుకొన్న పూర్వవృత్తాంతం పాత్రకు రెండవ ముఖం. సన్యాసి చూడాకర్ణుడు చిలుకకొయ్యకు తగిలించిన భిక్షాపాత్రలోని అన్నాన్ని ఎలుక ఎగిరి తింటుంది. ఇంత అల్పప్రాణికి అంత బలమెక్కడిదని విచారించి, కన్నంలోని నిల్వే దాని బలమని తేల్చి, సన్యాసి కన్నం తవ్వి కూడబెట్టినదంతా తీసుకొంటాడు. ఆ తరువాత ఎలుకకు ఎగిరే శక్తి ఉండదు. ధనం పోయినవాని దైన్యాన్ని చెప్పే ఘట్టంగానే దీనిని సాధారణంగా బోధిస్తారు.

డెల్టా పాఠకుడు ఇందులో మరొక దృశ్యాన్నీ చూడగలడు. గట్టు తవ్వి, పొగబెట్టి ఎలుకలను పట్టడంలోను, కన్నాల్లో దాగిన వెన్నులను వెలికితీయడంలోను యానాదుల నైపుణ్యం ప్రసిద్ధం. వెదురుబుట్టలు పెట్టి ఎలుకకు ఇంతని కూలి తీసుకొనే వృత్తి కూడా ఈ సీమ ఎరిగినదే. పంటను కాపాడిన ఈ శ్రమకు దక్కవలసిన గౌరవం దక్కలేదు సరికదా, ఎలుకపై గల ఏవగింపు దానిని పట్టేవారిమీదికీ, తినేవారిమీదికీ ప్రసరించింది. ఎలుకను హీనప్రాణిగా చూసే భాష, ఎలుకతో బతికే మనుషులనూ హీనులుగా చూడటానికి అలవాటుపడింది. కాబట్టి ఎలుకను సాహిత్యంలో ఎట్లా చదువుతున్నామన్నది జంతుప్రేమకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

కథలో కన్నం తవ్వినవాడు సన్యాసి. ఎలుక దొంగ అయితే, దాని నిల్వను తీసుకొన్న సన్యాసి ఎవరు అన్న ప్రశ్నను కథ అడగదు. అయితే ఆ వృత్తాంతాన్ని ఎలుక నోటితోనే చెప్పించడంవల్ల పాఠకుడు అడగడానికి అవకాశం మిగిల్చింది. దొంగగా ముద్రపడిన ప్రాణికి తన కథ తాను చెప్పుకొనే హక్కు ఇవ్వడం ఈ రచనలోని విశేషం.

5. పెంపకం, మైత్రి

హితోపదేశం సంధిభాగంలో మరొక ఎలుక ఉంది. కాకి నోటినుంచి జారిపడిన ఎలుకపిల్లను మహాతపుడనే ముని దయతో చేరదీసి, నివ్వరిగింజలు పెట్టి పెంచుతాడు. భారతీయ కథాసాహిత్యంలో స్పష్టమైన ‘పెంపుడు ఎలుక’ ఇదే. పిల్లికి భయపడితే దానిని పిల్లిని చేస్తాడు. కుక్కకు భయపడితే కుక్కను, పులికి భయపడితే పులిని చేస్తాడు. చివరకు ఆ పులి మునినే చంపబోతుంది. ఆయన దానిని మళ్లీ ఎలుకగా మారుస్తాడు. నీచునికి ఉన్నతపదవి ఇవ్వరాదన్నది దీనికి చెప్పే నీతి.

రెండు కథలను పక్కపక్కన ఉంచితే ఆ నీతి నిలవదు. ముని దయగలవాడే గాని, ఎలుకను ఎలుకగా అంగీకరించలేదు. దాని భయానికి ఆయన చేసిన చికిత్స రూపం మార్చడం. హిరణ్యకుని మిత్రులు అతని రూపాన్ని మార్చాలనుకోలేదు. కాకి లఘుపతనకుడు స్నేహం కోరినప్పుడు, తాను ఆహారమనీ, కాకి భక్షకుడనీ, ఇద్దరికీ మైత్రి ఎట్లా కుదురుతుందనీ ఎలుక సూటిగా అడుగుతుంది. ఆ భేదాన్ని దాచకుండా మాట్లాడుకొన్న తరువాతనే స్నేహం కుదిరింది. ఆపైన తాబేలు మంథరకుడు, జింక చిత్రాంగుడు కలిశారు. తాబేలు వేటగానికి చిక్కినప్పుడు జింక చచ్చినట్లు నటించింది; కాకి దానిని పొడుస్తున్నట్లు నటించింది; ఎలుక బంధం కొరికింది. ఎవరి శరీరం చేయగలిగినది వారు చేశారు. పెంపకం మైత్రిగా మారాలంటే పెంచేవాడు మహాతపుని మార్గం వదలి లఘుపతనకుని మార్గం పట్టాలి.

6. ప్రయోగశాల సాక్ష్యం

మనిషి ఎలుకను ప్రేమతో పెంచడం ఇటీవలి వింత కాదు. జపానులో 1775లోను, 1787లోను ఎలుకల పెంపకంపై పుస్తకాలు అచ్చయ్యాయి. నేటి పెంపుడు ఎలుక, ప్రయోగశాలలోని తెల్ల ఎలుక ఒకే జాతివి. వాటిపై జరిగిన పరిశోధనలు కథకుని ఊహకు ఆశ్చర్యకరంగా దగ్గరగా వచ్చాయి. చక్కిలిగిలి పెట్టినప్పుడు ఎలుకలు మనిషి చెవికి అందని సుమారు 50 కిలోహెర్ట్‌జ్ ధ్వనులు చేస్తాయని, ఆ చేతినే మళ్లీ వెతుక్కొంటూ వస్తాయని జాక్ పాంక్‌సెప్ బృందం గుర్తించింది. 2019లో బెర్లిన్ పరిశోధకులు ఎలుకలకు మనుషులతో దాగుడుమూతలు ఆడటం నేర్పారు.

హిరణ్యకునికి నేరుగా సంబంధించినది 2011లో ఇన్బాల్ బెన్‌అమీ బార్టల్, జీన్ డెసెటీ, పెగ్గీ మేసన్ ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగం. గొట్టంలో బంధించిన తోటి ఎలుకను చూసి బయటి ఎలుక తలుపు తెరవడం నేర్చుకొన్నది. పక్కనే చాక్లెట్ ఉన్న మరొక గొట్టం పెట్టినా, రెండూ తెరిచి చాక్లెట్‌ను తరచు పంచుకొన్నది. 2014లో అదే దిశలో జరిగిన మరొక పరిశోధన ఇంకా కీలకమైనది. ఎలుకలు తమకు పరిచయం లేని వేరే రంగు ఎలుకలను విడిపించలేదు. ఆ రంగు ఎలుకతో కలిసి జీవించిన అనుభవం ఉంటే, అదే రంగుకు చెందిన కొత్త ఎలుకను కూడా విడిపించాయి. పుట్టుకనుంచి వేరే రంగు ఎలుకల మధ్య పెరిగినవి తమ రంగు ఎలుకకన్నా పెంచిన రంగు ఎలుకకే సాయపడ్డాయి. ‘మనవాడు’ అన్న భావాన్ని నిర్ణయించింది పుట్టుక కాదు, సహవాసం. కాకి, ఎలుక సంవాదంలో చర్చకు వచ్చిన విషయం సరిగ్గా ఇదే.

7. ఒక అభ్యంతరం

నీతికథల్లో జంతువులు మనుషులకు మారువేషాలేననీ, హిరణ్యకునిలో ఎలుకను వెతకడం అనవసరమనీ ఆక్షేపించవచ్చు. రాజనీతి బోధించడం ఈ గ్రంథాల లక్ష్యమన్నది నిజమే. అయితే నూరు ద్వారాల కన్నం, కోమలమైన దంతాలు, చప్పుడుకు బెదరడం, నిల్వచేసే గుణం – ఇవన్నీ తొలగిస్తే కథ సాగదు. ఎలుకను దగ్గరగా గమనించినవారే ఈ కథ కట్టగలరు.

మరొక హద్దునూ గుర్తించాలి. పొలంలోని పందికొక్కు పెంపుడు ఎలుక కాదు. ఎలుక మూత్రంతో కలుషితమైన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం వరిచేలో దిగే కూలీకి నిత్యం ఉంటుంది. మూషికమైత్రిని కీర్తించడమంటే కౌలురైతు నష్టాన్ని మరచిపోవడం కాదు. శత్రువును కూడా పూర్తిగా చూడటం వేరు, ఏవగించుకోవడం వేరు. హిరణ్యకుడు కాకి ఎదుట ప్రదర్శించినది ఆ మొదటి వివేకాన్నే.

8. ముగింపు

హిరణ్యకుడు స్వభావం మార్చుకోకుండానే మిత్రుడైన పాత్ర. మహాతపుని ఎలుక ప్రేమ పొందికూడా తన రూపాన్ని పోగొట్టుకొన్న పాత్ర. ఈ రెండింటి మధ్య భేదమే పెంపుడు ప్రాణులతో మనిషి బాంధవ్యానికి కొలమానం. పరిచితమైన గొంతు, కలిసి గడిపిన కాలం, భేదాన్ని దాచని సంభాషణ ఆ బాంధవ్యానికి మూలాలని కథా, ప్రయోగమూ రెండూ చెబుతున్నాయి. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా మిత్రలాభాన్ని బోధించే అధ్యాపకులు ఈ పాఠాన్ని అర్థతాత్పర్యాలకు పరిమితం చేయకుండా, పొలంగట్టుకూ, ఆ గట్టుమీద ఎలుకలు పట్టి బతికే మనిషికీ ముడిపెట్టి చెప్పగలిగితే, 1853 నాటి వచనం ఈ నేలమీద కొత్తగా పలుకుతుంది.