పడటం తెలిసిన మనిషి

1967 ఏప్రిల్‌లో ఆస్కార్ వేదిక మీద డెబ్బై ఒక్కేళ్ల యాకిమా కనట్ గౌరవ పురస్కారం అందుకున్నాడు. ఆయన ముఖాన్ని గుర్తుపట్టగల ప్రేక్షకులు తక్కువే. కానీ ఆయన ఒంటిని చూడని సినిమా అభిమాని ఉండడు. జాన్ వేన్ పరుగెత్తే గుర్రాల మీదికి దూకినప్పుడూ, 'గాన్ విత్ ది విండ్'లో క్లార్క్ గేబుల్ మంటల్లోంచి బండి తోలుకొచ్చినప్పుడూ తెర మీద ఉన్నది ఆయనే. స్టంట్‌మన్‌గా చేసిన సాహసాలకూ, తోటి స్టంట్‌మన్లను కాపాడే పరికరాలు తయారుచేసినందుకూ ఆ పురస్కారం ఇచ్చారు. ఈ రెండింటిలో రెండోదే పెద్దదని నా నమ్మకం.

కనట్ 1895లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కోల్‌ఫ్యాక్స్ దగ్గర పుట్టాడు. పశువుల మధ్య, గుర్రాల మధ్య పెరిగాడు. అసలు పేరు ఈనోస్ ఎడ్వర్డ్. ఒరెగాన్‌లోని పెండిల్టన్ రోడియో పోటీల్లో గుర్రం విసిరేస్తే గాల్లో తేలుతున్న ఆయన ఫొటో కింద ఓ పత్రిక పొరపాటున యాకిమా ఊరివాడని రాసింది. ఆ పేరే స్థిరపడిపోయింది. అదే పెండిల్టన్‌లో 1917, 1919, 1920, 1923 సంవత్సరాల్లో సర్వోత్తమ కౌబాయ్‌గా గెలిచాడు. ఆ పేరుప్రతిష్ఠలతోనే మూకీ చిత్రాల్లో హీరో అయ్యాడు. అయితే అంతకుముందు నౌకాదళంలో ఉండగా వచ్చిన ఫ్లూ ఆయన గొంతును దెబ్బతీసింది. టాకీలు వచ్చాక ఆ గొంతు హీరోకు పనికిరాలేదు. విలన్ పక్కన నిలబడే రౌడీ వేషాలూ, హీరోకు డూప్‌గా దూకే పనీ మిగిలాయి. చాలామంది మూకీ తారలు అక్కడితో ఇంటికెళ్లిపోయారు. కనట్ మాత్రం ఆ రెండో పనినే ఒక విద్యగా మలిచాడు.

ఆ విద్య ఏమిటో చూడాలంటే 1939లో జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' చూడాలి. ఎండిపోయిన చెరువు నేల మీద ఆరు గుర్రాల బండి శరవేగంతో పోతుంటుంది. అపాచీ యోధుడి వేషంలో ఉన్న కనట్ తన గుర్రం మీంచి ముందు జత మీదికి దూకుతాడు. తూటా తగలగానే రెండు గుర్రాల మధ్యకు జారి, బండి నొగ పట్టుకుని వేలాడుతూ నేల మీద ఈడ్చుకుపోతాడు. రెండో తూటాకు చేతులు వదిలేస్తాడు. మూడు జతల గుర్రాలూ, ఆ వెనక బండీ ఆయన మీదుగా వెళ్లిపోతాయి.  బండి దాటిపోయాక నేల మీద పడి ఉన్న మనిషి కదలడం కూడా మనకు కనిపిస్తుంది.

ఇందులో ప్రతి క్షణానికీ ఒక లెక్క ఉంది. గుర్రాలను నెమ్మదిగా తోలితే ప్రమాదం తగ్గుతుందని మనకు అనిపిస్తుంది. కనట్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పేవాడు. మెల్లగా నడిచే గుర్రం అటూ ఇటూ మసలుతుంది, దాని గిట్ట ఎక్కడ పడుతుందో చెప్పలేం. పూర్తి వేగంతో పరుగెత్తే గుర్రం నేరుగా పోతుంది, కాబట్టి జతలోని రెండు గుర్రాల మధ్య ఖాళీ మారదు. ఇక నొగ వదిలేటప్పుడు చేతులు ఛాతీ మీదికి తెచ్చుకుని, మోచేతులు ఒంటికి ఆనించి ఉంచాలి. కాస్త బయటికి పెడితే ముందు ఇరుసు వాటిని విరగ్గొట్టేస్తుంది. ఎడ్లబండి కింద ఎప్పుడైనా దూరినవాళ్లకు ఆ ఇరుసు నేలకు ఎంత దగ్గరో వేరే చెప్పక్కర్లేదు. అంతకుముందు చిన్న సినిమాల్లో ఇలాంటి ఫీట్లు చేసి చేసి తేల్చుకున్న సంగతులివి. కెమెరాకు సరిగ్గా అందిందో లేదోనన్న అనుమానం వచ్చినా, మళ్లీ తీయడానికి ఫోర్డ్ ఒప్పుకోలేదంటారు.

అంతకు కొన్నేళ్ల ముందు, 1930ల మొదట్లో, కనట్, జాన్ వేన్ చవక కౌబాయ్ సినిమాల్లో కలిసి పనిచేశారు. వేన్ నడక, సాగదీసి మాట్లాడే తీరు చాలావరకు కనట్‌ను చూసి పట్టినవే. అప్పట్లో తెర మీద కొట్లాట అంటే నటులు ఒకరి భుజాల మీద ఒకరు నిజంగానే గుద్దుకోవడం. ఒళ్లు వాచేది, చూడ్డానికి మాత్రం ఉత్తుత్తిగా ఉండేది. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీతో కలిసి వీళ్లిద్దరూ వేరే దారి వెతికారు. దెబ్బ తినేవాడి భుజం వెనక కెమెరా పెడతారు. పిడికిలి గడ్డానికి తగలకుండా ముందునుంచి దూసుకుపోతుంది. సరిగ్గా ఆ క్షణానికి అవతలివాడు తల విదిలిస్తాడు. చప్పుడు తర్వాత కలుపుతారు. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో మన తెరకు కౌబాయ్ వచ్చేనాటికి ఈ పద్ధతి ప్రపంచమంతటా ఫైట్ మాస్టర్ల సొత్తు. ఈనాటికీ మన సినిమాల్లో గుద్దు నిజమని నమ్మించేది కండబలం కంటే కెమెరా నిలబడిన చోటే.

గుర్రం మీంచి పడేవాడికి అసలు శత్రువు రికాబు. పాదం అందులో ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. ఒకవైపు తెరిచి ఉంచిన రికాబును కనట్ వాడుకలోకి తెచ్చాడు. దాంతో పాదం ఇట్టే బయటికి వచ్చేస్తుంది. చూస్తే చిన్న ఇనుప ముక్క. అది ఎన్ని కాళ్లను కాపాడిందో!

గుర్రాల సంగతి వేరు, అక్కడ నాకు బాధగా ఉంటుంది. పరుగెత్తే గుర్రాన్ని పడేయడానికి ముందుకాళ్లకు సన్నని తీగలు కట్టి, రెండో కొస నేలలో పాతిన గుంజకు బిగించేవాళ్లు. తీగ అయిపోగానే గుర్రం తలకిందులయ్యేది. ఈ పద్ధతిని కనట్ కూడా వాడాడు, జాగ్రత్తగా చేస్తే హాని లేదనే నమ్మాడు. అందరూ ఆయనంత జాగ్రత్తపరులు కారు. 1936లో వచ్చిన 'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' చిత్రీకరణలో గుర్రాలు చచ్చిపోయాయి. 1939 నాటి 'జెస్సీ జేమ్స్'లో కొండ మీంచి నీళ్లలోకి దూకించిన గుర్రం చనిపోయాక గొడవ ముదిరి, షూటింగుల్లో జంతువుల మీద పర్యవేక్షణ మొదలైంది. ఆ తర్వాత మెత్తగా దున్నిన నేల మీద, కళ్లెం సైగకు తనంత తాను ఒరిగే గుర్రాలను తర్ఫీదు చేయడం పద్ధతి అయింది. మనుషుల విషయంలో చూపిన శ్రద్ధ జంతువుల దాకా రావడానికి అన్ని ప్రాణాలు పోవాల్సింది కాదు.

1943లో బండి మీంచి పడి రెండు చీలమండలూ విరిగాక కనట్ క్రమంగా దూకడం తగ్గించి, దూకించడం మొదలుపెట్టాడు. 1959 నాటి 'బెన్‌హర్' రథాల పందెం ఆ దశకు శిఖరం. రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో వేసిన సెట్టులో, ఆండ్రూ మార్టన్‌తో కలిసి ఆ ఘట్టం నడిపించాడు. గుర్రాలకు నెలల తరబడి శిక్షణ ఇప్పించాడు. చార్ల్‌టన్ హెస్టన్‌కు నాలుగు గుర్రాల రథం తోలడం నేర్పించాడు. ఆ పందెంలో ఒకరు చనిపోయారన్న పుకారు ఇప్పటికీ తిరుగుతుంటుంది. అది అబద్ధం. హెస్టన్‌కు డూప్‌గా చేసింది కనట్ కొడుకు జో. విరిగిన రథాల మీదుగా ఎగిరినప్పుడు జో ముందుకు తుళ్లిపడి, రథం ముందు భాగం పట్టుకుని వేలాడాడు. గడ్డం చిట్లి కుట్లు పడ్డాయి. ఆ షాట్‌ను అలాగే ఉంచి, హెస్టన్ తిరిగి పైకెక్కే షాట్ జతచేశారు.

కనట్ 1986లో తొంభయ్యో ఏట కన్నుమూశాడు. సాహసాల రూపకల్పనకు ఆస్కార్‌లో ప్రత్యేక విభాగం 2027 చిత్రాల నుంచి మొదలవుతుందని 2025లో ప్రకటించారు. మన జాతీయ అవార్డుల్లో యాక్షన్ దర్శకత్వానికి అంతకుముందే చోటు దొరికింది, 'బాహుబలి 2', 'ఆర్ఆర్ఆర్' ఆ గౌరవం అందుకున్నాయి.

'స్టేజ్‌కోచ్' ఫీటు వారసత్వంగా నడుస్తూనే ఉంది. టెర్రీ లెనర్డ్ అనే స్టంట్‌మన్ దాన్ని 'ది లెజెండ్ ఆఫ్ ది లోన్ రేంజర్' కోసం చేయబోయి గాయపడ్డాడు. 1981 నాటి 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'లో అదే ఫీటును లారీ కింద చేయాల్సి వచ్చినప్పుడు, స్టీరింగ్ దగ్గర తన మిత్రుడు గ్లెన్ రాండల్ ఉంటేనే చేస్తానన్నాడు. దారి మధ్యలో మనిషి పట్టేలా గాడి తవ్వారు, లారీని మెల్లగా నడిపి కెమెరా వేగం తగ్గించి తీశారు. లెనర్డ్ లారీ ముందు నుంచి కిందికి జారి, వెనక నుంచి క్షేమంగా బయటికి వచ్చాడు.