అడుగు ఒకరిది, పిలుపు ఒకరిది

కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరం చేరేవాళ్లకు పట్టాల కథ తెలిసే ఉంటుంది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన రైలు పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకని పీక్కుపోయారు. మళ్లీ వేయడానికి 2004 దాకా పట్టింది. యుద్ధానికి ఇనుముతో పాటు మనుషులూ కావలసి వచ్చారు. 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి, నిర్బంధ భర్తీ లేకుండానే, 25 లక్షలైంది. ఇన్ని లక్షల పల్లెటూరి కుర్రాళ్లను కొద్ది నెలల్లో సిపాయిలుగా మార్చింది తుపాకీ అనుకుంటాం. నా లెక్కలో కవాతు.

బురద గట్టు మీద జారకుండా కాలివేళ్లు నేలలో దిగేసి నడవడం డెల్టా నడక. బూటులో ఆ వేళ్లకు పనిలేదు. మడమ ముందు ఆనాలి, కుడికాలితో ఎడమచెయ్యి లేవాలి. పుట్టి నేర్చిన నడకే మళ్లీ నేర్చుకోవాలి. ఆపైన బూటు పాలిష్, పక్క మడత, సామాను తనిఖీ. తెలుగువాడూ పంజాబీవాడూ ఒకే మాటకు కదలాలి కనుక రోమన్ లిపిలో హిందుస్తానీ పాఠం. ఇందులో ఒక్కటీ శత్రువును కొట్టేది కాదు. అయినా 1941లో అమెరికా సైన్యంలో చేరి, సరైన ఆయుధాల్లేని టెక్సాస్ శిబిరంలో గంటల తరబడి కవాతు చేసిన చరిత్రకారుడు విలియం మెక్‌నీల్, కలిసి అడుగేయడంలో కలిగిన ఆ ఉత్సాహం మీద 1995లో పుస్తకమే రాశాడు. గోదావరి వాళ్లకిది వింత కాదు. హైలెస్సా చేసేదీ అదే: పదిమంది బలాన్ని ఒక్క క్షణంలో ఒక్క తాడు మీదకు తేవడం.

మర తుపాకుల కాలంలో వరసకట్టి నడిస్తే చావేగా అంటారు. నిజమే, యుద్ధరంగంలో ఆ వరస పనికిరాదు. పక్కవాడు తోడుంటాడన్న నమ్మకం పనికొస్తుంది. కవాతు ఆలోచనను చంపుతుందన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. దానికి జవాబు 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో దొరికింది. ఆజ్ఞకు తలవంచడమే నేర్పిన నౌకాదళంలో తిండి గురించీ అవమానాల గురించీ మొదలైన సమ్మె రోజుల్లోనే వేలమందికి పాకింది. కలిసి కదలడం వచ్చినవాళ్లకు కలిసి ఆగిపోవడమూ వచ్చింది.

కనుక తప్పు పట్టవలసింది అడుగును కాదు. హైలెస్సా అందించేవాడి చేతిలోనూ తాడుంటుంది. కవాతులో పిలుపిచ్చేవాడు వరస బయట నిలబడతాడు. 1939లో వైస్రాయి మన నాయకులను ఒక్కమాటైనా అడగకుండా ఈ దేశాన్ని యుద్ధంలోకి దింపింది అలా బయట నిలబడే.