సూది సోకని కవచము

బడిలో నాటకమునకు జపాను వీరుని వేషము కావలెనని పిల్లవాడు వచ్చి నిలుచున్నపుడు ఇంటివారికి మొదట తట్టునది దర్జీ. కాని సామురాయి కవచమును నిర్మించిన శిల్పులు దాని ప్రధానాంగములను సూదితో కుట్టి యెఱుగరు. చేతితొడుగులును, లోపలి వస్త్రములును కుట్టినవే, నిజమే. బాణమునకు ఎదురు నిలుచు భాగములలో పెక్కు మాత్రము త్రాటితో అల్లినవి, ముడితో నిలిచినవి. కావున కుట్టుపని రానివాడు అట్టముక్కలను నాడాలతో కూర్చి వేషము కట్టినచో దానిని చేతకానివాని ఉపాయమనరాదు. అసలు పద్ధతియే అది.

హెయాన్ యుగమున, గుఱ్ఱమెక్కి విల్లు ప్రయోగించు యోధుని కొఱకు రూపొందిన కవచమునకు 'ఓయోరోయి', అనగా మహాకవచమని పేరు. రెండు వ్రేళ్ల వెడల్పు గల తోలురేకులను, ఇనుపరేకులను వేలకొలది సిద్ధపఱచి, ఒక్కొక్కదాని సగము ప్రక్కదాని చాటునకు పోవునట్లు పేర్చి, తోలుపట్టీలతో అడ్డముగా బంధించి, చెట్టుపాలనుండి తీసిన లక్కను పూతమీద పూతగా ఎక్కించిన పిమ్మట, ఆ వరుసలను ఒకదాని క్రింద నొకటి వ్రేలాడునట్లు పట్టుత్రాళ్లతో నిలువున అల్లుదురు. ఈ నిలువు అల్లికయే 'ఒదోషి'. కవచమునకు పేరు సయితము రేకునుబట్టి గాక త్రాటి రంగునుబట్టి వచ్చుట గమనింపదగినది. తోక్యో పడమటి కొండలలోని మితాకె దేవాలయమున, హతకెయామ షిగెతద యను యోధుడు 1191లో సమర్పించెనని సంప్రదాయము చెప్పు ఎఱ్ఱత్రాళ్ల కవచము నేటికిని కలదు. మెయిజీ కాలమున దానిని బాగుచేసినపుడు రసాయనపు రంగు వేసిన క్రొత్త త్రాళ్లు ఎక్కించిరి. అవి వెలిసి గులాబిరంగునకు దిగినవి, మంజిష్ఠవేరు రంగులో ముంచిన పాతత్రాళ్లు మాత్రము ఎఱ్ఱగనే యున్నవి.

అయినను ఈ అల్లికకు దోషము లేకపోలేదు. వానలో తడిసిన పట్టు బరువెక్కును, చలికి గడ్డకట్టును, నెలల తరబడి దండు విడిసియుండగా పేలు పట్టును. యుద్ధము నిత్యకృత్యమైన కాలమున శిల్పులు దట్టపు అల్లికను విడిచి, జంటత్రాళ్లను ఎడమెడముగా వేయు పద్ధతికి దిగిరి. వేషము కట్టువానికి పనికివచ్చునది ఈ రెండవ పద్ధతియే. త్రాడును మిగులును, ఓపికయు మిగులును.

భుజమునుండి దిగు చతురస్రపు పలకను 'సోదె' యందురు. పేరు వినగనే మనకు చేతిలో పుల్ల పట్టిన ఎఱుకలసాని తలపునకు వచ్చును గాని ఆ దేశమున అది విల్లుకానికి డాలు వంటిది. రెండుచేతులును వింటికే చాలనివాడు డాలు ఎట్లు పట్టును? దీనికి 30 సెంటీమీటర్ల పొడవును, 6 సెంటీమీటర్ల వెడల్పును గల అట్టపట్టీలు ఆఱు కోసి, నల్లరంగు రెండుమాఱులు పూసి, ఆరిన తరువాత పై అంచునను క్రింది అంచునను జంటరంధ్రములు పొడిచి, లంగాలకు ఎక్కించు నాడాలను ఎఱ్ఱరంగులో ముంచి వానిగుండ దూర్చవలెను. పట్టీకిని పట్టీకిని నడుమ త్రాడు కొంచెము వదులుగ నుండుట ముఖ్యము. నేను మొదటిసారి ఈ మర్మమెఱుగక, త్రాడెందుకని జిగురుతో అంటించితిని. పిల్లవాడు వేదికపై వంగి నమస్కరించుసరికి భుజముమీది పలక ఫెళ్లున విఱిగి రాజుగారి పాదములకడ పడినది. త్రాటితో అల్లినదైనచో చేయెత్తినపుడు ముడుచుకొని, దింపినపుడు జాఱి తనచోటికి తాను వచ్చును. రొమ్ముపలకయు, నడుమునుండి వ్రేలాడు 'కుసజురి' పలకలును ఇదే తీరున సాగును. లోపల తొడుగు 'హకామా' యను వదులు లాగునకు బదులు తెల్లని పంచెను గోచిపెట్టి మోకాళ్లక్రింద బిగించినచో చాలును.

శిరస్త్రాణమునకు, అనగా 'కబుతో'కు, వార్తాపత్రిక చాలును. మగపిల్లల పండుగగా తరతరములు సాగి, 1948లో చట్టముచే పిల్లలందఱి దినమైన మే 5వ తేదీన జపాను పిల్లలు మడిచి పెట్టుకొనునది అదియే. 54 సెంటీమీటర్ల చదరమును మూలకు మూల కలిపి త్రిభుజముగా మడిచి, మడత పైకుండునట్లు పఱచి, రెండు కొనలను క్రిందిమూలకు దింపుము. దింపిన కొనలను మరల పైమొన దాక ఎత్తి, వాని చివరలను ప్రక్కలకు వాల్చిన రెండు కొమ్ములు లేచును. క్రింది పొరలలో ముందటిదానిని పైకి మడిచి, ఆ అంచునే మఱియొకమాఱు మడిచినచో నుదుటిపట్టీ యగును. వెనుకటి పొరను లోనికి దోపవలెను. ఇట్లు మడిచినదానికి 38 సెంటీమీటర్ల వెడల్పున నోరు తెఱచుకొనును; పెద్దవారి తలయు దూఱును. దాతె మసమునె యను యోధుని శిరస్త్రాణమునకు వలె నెలవంక కావలెనన్న బంగారుకాగితము కోసి ముందర దోపవచ్చును.

చివర మిగులునది వీపున వ్రేలాడు ముడి. 'అగెమాకి' యను ఆ ముడికి ఇరుప్రక్కల రెండు పెద్దచెవులును, క్రింద రెండు కుచ్చులును ఉండును. భుజపలకలు ముందునకు జాఱకుండ వాని త్రాళ్లను దానికే కట్టుదురు. చూచుటకది తూనీగ వలె నుండును. తూనీగ వెనుకకు ఎగురదని నమ్మి యోధులు దానిని విజయకీటకమనిరి. ఈ ముడిని వేషధారి తాను వేసికొనలేడు, చూచుకొననులేడు. వెనుక నొకరు మోకరించి, రెండు చెవులను సమముగ లాగి, పలకల త్రాళ్లను దానికి కట్టి, ఇక నడువుమని వీపు తట్టవలెను.